కన్ను కింద పీట

"గీత మరీ చక్కగా ఉంది. అదే నాకు నచ్చలేదు," అంది నిదానం.

కంట్రోల్ రూములో ఉన్న మగవాళ్ళు ముగ్గురూ తెర వైపు చూశారు. తెర మీద ఏటి నీటిమట్టం చూపే నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. నిన్న మధ్యాహ్నం దాకా అది సన్నగా వణుకుతూ నడిచింది. తర్వాత ఒకచోట కిందికి జారింది. కాసేపు అలా కిందే ఉండి, మళ్ళీ పైకి లేచి, అక్కడి నుంచి ఈ ఉదయం దాకా స్కేలు పెట్టి గీసినట్టు సాగిపోయింది.

"చక్కగా ఉంటే నచ్చకపోవడమేంటి తల్లీ? వంకరగా ఉంటే నచ్చుతుందా?" అన్నాడు తుపాకి.

నిదానం తెర మీంచి చూపు తిప్పలేదు. ఆమెకి ఆ పేరు పెట్టింది ఈ తుపాకే. ఇద్దరూ ఒకే ఏడు పోలీసు శిక్షణలో చేరారు. మిగతావాళ్ళు పరుగెత్తి ముగించిన పనిని ఆమె నడిచి ముగించేది, అదీ ఆలస్యంగా. ఆలోచన తలలో పుట్టకముందే నోట్లోంచి పేలుతుందని అతనికి తుపాకి అని పేరు పెట్టింది ఆమె. చెల్లుకు చెల్లు. తరువాత అతను పోలీసు ఉద్యోగం వదిలి ఈ జలవిద్యుత్ కంపెనీలో భద్రతాధికారిగా చేరాడు. ఆమె శాఖలోనే ఉండిపోయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని శాఖలో ఆమె గురించి చెప్పుకుంటారు. నిజానికి ఆవలించినవాడు తీరిగ్గా నోరు మూసుకునేదాకా ఓపిగ్గా కూర్చోవడం తప్ప ఆమె చేసే గొప్ప పనేమీ లేదు.

గదిలో రెండో మనిషి ప్లాంటు చీఫ్ ఇంజనీరు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. మూడో మనిషి ఆపరేటరు. కుర్చీ అంచున, లేవమంటే లేచేలా కూర్చున్నాడు. అతణ్ణి ఈ మధ్యాహ్నంలోగా అరెస్టు చేయాలా వద్దా అన్నది తేల్చడానికే పోలీసు శాఖ నిదానాన్ని ఇక్కడికి పంపింది.

జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. ప్లాంటు కొండ పాదాన, ఏటి ఒడ్డున ఉంటుంది. పైన రెండు పాయలు కలిసి ఈ ఏరవుతుంది. ఎడమ పాయ మీద, జీపులో మలుపులు తిరుగుతూ వెళ్తే అరగంట దూరంలో, ఒక నడకవంతెన ఉంది. దాని అడుగున బిగించిన రాడారు ఎప్పుడూ నీళ్ళ వైపే చూస్తూ ఉంటుంది. ప్లాంటులో దాన్ని కన్ను అంటారు. కొండల్లో ఏ వాన విరుచుకుపడో, ఏ మంచుచరియ జారో నీళ్ళు హద్దు దాటి పెరిగితే కన్ను పసిగడుతుంది. ప్లాంటులో సైరన్ మోగుతుంది. జనం పనులు వదిలి గట్టెక్కుతారు. ఏర్పాటంతా కొత్తది, ఇంకా పరీక్షలోనే ఉంది. ఆ కన్నుని చూసుకునే మెకానిక్ నిన్న మధ్యాహ్నం వంతెన దగ్గరికి వెళ్ళాడు. చీకటి పడే వేళకి వంతెన కింద బండల మధ్య తల పగిలి, ప్రాణం పోయి కనిపించాడు. సైరన్ మాత్రం మోగలేదు.

మెకానిక్‌ని ప్లాంటులో అందరూ సరదాగా బావ అనేవాళ్ళు. ఆపరేటరుకి మాత్రం నిజంగానే బావ. సొంత అక్క భర్త.

"నేను మళ్ళీ చెప్తాను. నీ కోసం నిదానంగానే చెప్తాను," అన్నాడు తుపాకి. "పైనుంచి ఒక్క ఊపున నీళ్ళొచ్చాయి. కన్ను చూసింది. సైరన్ మోగబోతుంటే ఈ అబ్బాయి నోరు నొక్కేశాడు. కింద ఉన్నది బావ. బావకీ ఇతనికీ మాటల్లేవు. ఆయన కొట్టుకుపోయాడు. ఇంకేం కావాలి?"

"గీతలో నీళ్ళు పెరిగినట్టు లేదుగా."

"చెరిపేశాడు. అందుకే అంత నున్నగా ఉంది. నీకు నచ్చని చక్కదనం అదే."

"నేనేం చెరపలేదండీ," అన్నాడు ఆపరేటరు.

నిదానం తన కుర్చీని అతని ఎదురుగా లాక్కుంది. "బాబూ, బావతో మాటలెందుకు లేవు?"

"పెద్ద గొడవేం కాదండీ. నాకు వేరే చోట ఉద్యోగం వచ్చింది. అక్కకి చెప్పలేదు. బావకి ఎవరో చెప్పారు. 'మీ అక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా' అన్నాడు. 'మా అక్క సంగతి నీకెందుకు' అన్నాను. నోరు జారాను. అప్పట్నుంచి ఎడమొహం పెడమొహం."

"నిన్న కూడా మాట్లాడుకోలేదా?"

"లేదండీ."

ఆ మాట చాలా తొందరగా వచ్చింది. నిదానం తెర వైపు తిరిగి, గీత జారిన చోట వేలు పెట్టింది.

"ఇక్కడ ఎందుకు జారింది?"

"కన్ను తేడా చేసి ఉంటుందండీ. కొత్తది కదా. అద్దం మీద తేమ పట్టినా తేడా చేస్తుంది."

"మళ్ళీ ఎలా లేచింది?"

"బావ బాగుచేశాడు."

"కన్ను తేడా చేస్తే ఈ తెర మీదే కదా తెలిసేది. ఎక్కడో పనిలో ఉన్న మనిషికి ఎలా తెలిసింది?"

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. నిదానం ఏమీ అడగకుండా కూర్చుంది. గది కింద ఎక్కడో తిరుగుతున్న యంత్రాల అదురు కుర్చీ కాళ్ళలోంచి తెలుస్తోంది. తుపాకి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"నేనే ఫోన్ చేశాను," అన్నాడు ఆపరేటరు చివరికి. "కన్ను పాడైందని నమోదు చేస్తే పరీక్ష మళ్ళీ మొదటికొస్తుందండీ. ఇన్నాళ్ళూ అందరూ పడ్డ కష్టం గంగపాలు. అందుకని నమోదు చెయ్యకుండా బావకి ఫోన్ చేసి, 'వెళ్ళి కన్ను చూడు' అన్నాను. బావా అని కూడా పిలవలేదు. 'సరే' అన్నాడు. అంతే. అంతే మేడమ్. తను చేరేంతసేపూ గీత కిందే ఉంది, తర్వాత లేచింది. బాగైపోయిందిలే అని ఊపిరి పీల్చుకున్నాను. నేను పంపకపోతే బతికేవాడు."

మొహం చేతుల్లో దాచుకున్నాడు. తుపాకి తొడ చరిచాడు.

"అయిపోయింది! పంపింది తనే అని ఒప్పుకున్నాడు. సాక్ష్యం లేకుండా చేసిందీ తనే. జీపు తెప్పిస్తున్నాను."

"జీపు తెప్పించు. వంతెన దగ్గరికి వెళ్దాం," అంది నిదానం. లేస్తూ పెద్దసారుని అడిగింది. "సార్, నీళ్ళు పెరిగితే సైరన్ మోగుతుంది. మరి తగ్గితే?"

పెద్దసారు ఆ ప్రశ్న విని జాలిగా నవ్వాడు. "తగ్గితే ఎందుకు మోగాలి మేడమ్? తగ్గితే నిశ్చింతే కదా. నిన్నట్నుంచి మాకు మొత్తం మీద నీళ్ళు కాస్త తక్కువే వస్తున్నాయి. చలి ముదిరింది, పైన మంచు కరగడం లేదు. కుడి పాయ పుణ్యమా అని యంత్రాలు నడుస్తున్నాయి."

నిదానం తల ఊపింది. ఆపరేటరుని తాను తిరిగొచ్చేదాకా ఆ గదిలోనే ఉండమంది. అతను తల ఎత్తకుండానే, "మా అక్క ఎలా ఉందండీ? నిన్నట్నుంచి నా మొహం చూడట్లేదు," అన్నాడు. ఈ అబ్బాయి దోషి కాకూడదని ఆమెకి గట్టిగా అనిపించింది. అలా అనిపించినప్పుడల్లా ఆమె తన మీద తనే అనుమానపడుతుంది.

వంతెన దగ్గర తుపాకి మనుషులు నలుగురు ఏటిలోకి దిగి రాళ్ళ సందుల్లో వెతుకుతున్నారు. నిన్న సాయంత్రం శవాన్ని చూసింది వీళ్ళే. ఆ వెంటనే తుపాకి దారికి అడ్డంగా తాడు కట్టించి, ప్లాంటు మనుషుల్ని ఎవరినీ ఇటు రానివ్వలేదు. రానిచ్చింది ఒక్క ఆపరేటరు అక్కనే, అదీ వస్తువులు గుర్తుపట్టడానికి. ఆమె ఏటి నడుమ ఒక పెద్ద బండ మీద ఒంటరిగా కూర్చుని ఉంది. భర్త పడి ఉన్న చోటు అదే.

జీపు బానెట్ మీద ప్లాస్టిక్ సంచిలో ఒక జత బూట్లున్నాయి. నిదానం సంచి విప్పింది.

"ఇవెక్కడ దొరికాయి?"

"గట్టు మీద. నీళ్ళు విసిరేసి ఉంటాయి."

"విసిరేసిన నీళ్ళు లేసులు కూడా విప్పాయా?"

తుపాకి దగ్గరికొచ్చి చూశాడు. లేసులు వదులుగా విప్పి ఉన్నాయి. ఒక బూటులో మేజోళ్ళు మడిచి పెట్టి ఉన్నాయి. రెండో దాంట్లో ఫోనుంది. తోలు పొడిగా ఉంది, మేజోళ్ళూ పొడిగానే ఉన్నాయి.

"శవం ఫోటో చూపించు," అంది. అతను తన ఫోనులో చూపించాడు. ప్యాంటు రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా మడిచి ఉన్నాయి. సమానంగా, శ్రద్ధగా మడిచిన మడతలు.

"పప్పులో కాలేశావు. ఈయన్ని నీళ్ళు లాక్కుపోలేదు. తనే దిగాడు."

"ఈ ఏటిలోకా? ఎందుకు దిగుతాడు? ఈత సరదానా?"

"లోతు లేనప్పుడు మనిషి ప్యాంటు మడుచుకుని దిగుతాడు. లోతున్నప్పుడు అసలు దిగడు."

"సరే, దిగాడు. అప్పుడొచ్చాయి నీళ్ళు."

"రా, చూద్దాం."

గట్టు దిగడం ఆమెకి అంత సులువేమీ కాలేదు. తుపాకి చెయ్యందించాడు. వద్దనబోయి పట్టుకుంది. కింద ఏరు బండల మధ్య నాలుగైదు సన్నని ధారలుగా పారుతోంది. నీళ్ళు చీలమండ దాటడం లేదు. రాళ్ళ మీద పాచి దట్టంగా ఉంది. పైన ఎండి పెచ్చుగట్టినా, అడుగు వేస్తే కింద సబ్బులా జారుతోంది. నిదానం బండ బండకీ ఆగుతూ నడిచింది. ఒక గుంటలో అరచేతి వెడల్పు నీళ్ళలో చేపలు గుంపుగా కిక్కిరిసి ఉన్నాయి. కొన్ని వెల్లకిలా తేలాయి. మిగతావి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

ఆమె అక్కడే నిలబడిపోయింది.

"ఏంటి, చేపల్ని కూడా విచారిస్తావా?" అన్నాడు తుపాకి.

"నువ్వు ఈ ఏటిని ఇంతకు ముందు ఎప్పుడైనా చూశావా?"

"నిన్న సాయంత్రమే మొదటిసారి. ప్లాంటు దాటి పైకి నేనెప్పుడు వచ్చాను గనక?"

"నీ మనుషులు?"

"వాళ్ళూ అంతే. ఏం?"

ఆమె ఎదురుగా ఉన్న బండరాతిని చూపించింది. తలకంటే ఎత్తున రాతి మీద అడ్డంగా ఒక చార ఉంది. చారకి పైన రాయి తెల్లగా, గరుగ్గా ఉంది. చార కింద నల్లగా, నున్నగా, పాచి పట్టి ఉంది. వరద ఒకసారి వచ్చి పోతే అలాంటి చార పడదు. నీళ్ళు అక్కడే కాపురం ఉండాలి.

బండ మీద కూర్చున్న అక్క వీళ్ళ వైపు చూడలేదు. నిదానం ఆమె పక్కన కూర్చుంది. తుపాకి చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరిగాడు.

"ఈ చోటు నీకు తెలుసా అమ్మా?"

"వంతెన మీంచి తెలుసు," అంది అక్క. "ఆయన పని చేస్తుంటే పైన నించుని చూసేదాన్ని. కొట్టుకొచ్చిన దుంగలు తియ్యడానికి వాళ్ళు గట్టు పక్కకి దిగేవాళ్ళు. ఇంత నడుమకి ఎవ్వరూ రారు. ఈ బండ ఇక్కడుందని కూడా నాకు తెలీదు. నీళ్ళలో ఉండేది."

"ఇప్పుడు లేదు కదా."

"లేదు," అంది ఆమె. చుట్టూ చూసింది. నిన్నటి నుంచి ఆమె కళ్ళకి ఏదీ ఆనలేదు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, "నీళ్ళేవీ?" అంది.

ప్లాంటులో తెర మీద గీత నీళ్ళు రోజూ ఉండే మట్టంలోనే ఉన్నాయని చెబుతోంది. ఇక్కడేమో చేపలకి ఊపిరాడడం లేదు. మరి కన్ను దేన్ని చూస్తోంది? ఆమె తలెత్తింది. వంతెన అడుగున బిగించిన రాడారు డబ్బాకి సరిగ్గా కింద, రెండు గొలుసుల మీద ఒక రేకు పలక వేలాడుతోంది. పలక సరిగ్గా రాతి మీది చార ఎత్తులో ఉంది.

"అదేంటి?"

"పీట," అంది అక్క. "కింద మనిషి తిరిగితే కన్ను నీళ్ళు పెరిగాయనుకుంటుందంట. సైరన్ మోగుతుందంట. అందుకని దిగే ముందు పీట వేస్తారు. రోజూ నీళ్ళుండే ఎత్తుకి గొలుసులో ఒక కొక్కెం ఉంటుంది, దానికి తగిలిస్తారు. పనయ్యాక తీసేస్తారు. ఆయన పీట వెయ్యకుండా కాలు కింద పెట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు."

తుపాకి నోరు తెరిచాడు. "నేను ఇది కూడా యంత్రంలో భాగమే అనుకున్నానే!"

నిదానం కళ్ళు మూసుకుంది. మనిషి కళ్ళ ముందు నడుస్తున్నట్టు కనిపించాడు. కన్ను పాడైందని బావమరిది పంపితే వచ్చాడు. వంతెన మీంచి కిందికి చూశాడు. కన్ను పాడవలేదు. అది ఉన్నదున్నట్టే చెప్పింది. తగ్గింది ఏరే. ఇలాంటి వింత అతను ఎన్నడూ చూడలేదు. దగ్గరికెళ్ళి చూడాలనుకున్నాడు. దిగే ముందు చేతులు వాటి పని అవి చేసేశాయి. రోజూ తగిలించే కొక్కేనికే పీట తగిలించాయి. ఆ క్షణం తెర మీద గీత పైకి లేచింది. అక్కడ బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు. ఇక్కడ బావ బూట్లు విప్పి, ఫోను తడవకుండా బూటులో పెట్టి, ప్యాంటు మడిచి, నీళ్ళు వదిలిన పాచి మీద అడుగు పెట్టాడు. అప్పటి నుంచి ప్లాంటు మొత్తం ఈ రేకు ముక్కనే చూస్తూ ఏరు బాగుందనుకుంటోంది.

"అయితే హత్య లేదా?" అన్నాడు తుపాకి. గొంతులో నిరాశ దాచుకోలేకపోయాడు. "పోనీలే. ఏరు తగ్గింది, ఆయన జారాడు. ఎవరి తప్పూ లేదు. అందరం ఇంటికెళ్ళొచ్చు."

"ఏరు ఎందుకు తగ్గింది?"

"చలికి. పెద్దసారు చెప్పాడుగా."

"చలికి తగ్గితే రోజురోజుకీ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. గీత చూశావుగా, మెట్టు దిగినట్టు దిగింది. ఇది తగ్గడం కాదు, ఆగిపోవడం. పైన కొండచరియ ఏదో విరిగి అడ్డం పడింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఇటు రావాల్సిన నీళ్ళన్నీ దాని వెనక నిలబడి ఉన్నాయి. ఆ మట్టికట్ట ఎంతసేపు ఆగుతుందో నీకు తెలుసా? నాకు తెలీదు."

తుపాకి పై వైపుకి, పాయ వంపు తిరిగి కొండల మధ్య మాయమయ్యే చోటుకి చూశాడు. ఇన్నేళ్ళ పరిచయంలో అతనికి మాట తట్టకపోవడం ఆమె చూడడం ఇదే మొదలు.

"వాళ్ళని గట్టెక్కించు," అంది ఆమె. ఫోను తీసి పెద్దసారుకి చేసింది. "సార్, సైరన్ మోగించండి. ఇప్పుడే."

"సైరనా? ఎందుకు మేడమ్? నేను తెర ముందే ఉన్నాను. అంతా మామూలుగానే ఉంది."

"మీరు చూస్తున్నది ఏటిని కాదు, పీటని."

"అర్థం కాలేదు. ఊరికే మోగిస్తే పరీక్ష మొత్తం..."

తుపాకి ఆ మాటలు విన్నాడు. మనుషుల్ని కేకేస్తూనే గట్టెక్కి, వంతెన మీదికి పరుగెత్తి, కమ్మీల మీంచి వంగి గొలుసులు ఒక్క లాగు లాగాడు. సాక్ష్యం ముట్టుకోవద్దని నిన్నటి నుంచి లోకానికంతా నీతులు చెప్పినవాడు ఆ రేకు పలకని చేతులారా ఊడబీకి వంతెన మీద పడేశాడు. ఫోనులో పెద్దసారు గొంతు ఆగిపోయింది. తరువాత, "అయ్యో," అన్నాడు. "మేడమ్, గీత... గీత అట్టడుగుకి పడిపోయింది."

"అదే అసలు మట్టం. నిన్నట్నుంచీ అదే. పైన ఏరు ఆగిపోయింది సార్."

ఆయనకి ఇక వివరించాల్సిన పని లేకపోయింది. చదువుకున్న చదువంతా ఒక్కసారి గుర్తొచ్చినట్టుంది. "ప్లాంటు అడుగు సొరంగంలో మనుషులున్నారు. అక్కడ సైరన్ సరిగా వినపడదు, నేనే వెళ్ళి తీసుకొస్తాను," అని, ఫోను పక్కనున్న ఆపరేటరుకి అందించాడు. మరుక్షణం ఫోనులోంచి సైరన్ మోత చెవి చిల్లులు పడేలా వినిపించింది.

తుపాకి మనుషులు నలుగురూ గట్టు మీదికి చేరారు. అక్క మాత్రం బండ మీంచి కదలలేదు.

"పీట ఆయనే వేసుకున్నారా?" అంది.

"అవునమ్మా."

"మా తమ్ముడు ఏమీ చెయ్యలేదా?"

"గీత తప్పుగా ఉందని మీ ఆయనకి చెప్పాడు. ఇంకేమీ చెయ్యలేదు. దాచిందీ లేదు, చెరిపిందీ లేదు."

"రాత్రి నా గుమ్మంలో నించుని ఏడ్చాడు. నేను తలుపేసేసుకున్నాను." ఆమె మొహం ముడుచుకుపోయింది. ఇప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. నిదానానికి ఆమె మీద చెప్పలేనంత జాలి కలిగింది. ఏడవనివ్వాలని ఉంది. కానీ కాళ్ళ దగ్గర ఇందాక తేటగా పారిన ధార రంగు మారుతోంది. బురద నీళ్ళలో పుల్లలు, వేళ్ళతో సహా పెకిలిన గడ్డి దుబ్బులు తేలి వస్తున్నాయి.

"లే అమ్మా. లే. తర్వాత ఏడుద్దువుగాని."

"నేను రాను. మీరు వెళ్ళండి."

నిదానం ఫోనులో, "మీ అక్క ఏట్లో ఉంది, లేవనంటోంది," అని చెప్పి ఆమె చెవికి పెట్టింది. "నీ తమ్ముడు. నువ్వే చెప్పు రానని."

సైరన్ మోతలోంచి గొంతు చించుకుని అరుస్తున్నాడు ఆపరేటరు. "అక్కా! అక్కా, ఏట్లో ఉన్నావంట! పిచ్చి పట్టిందా నీకు? ముందు గట్టెక్కు!"

"ఒరేయ్," అంది అక్క. ఫోను తన చేతిలోకి తీసుకుని లేచింది. నిదానం ఒక చేత్తో ఆమె భుజం, తుపాకి దిగి వచ్చి రెండో భుజం పట్టుకున్నారు. పాచి మీద జారుతూ, మోకాళ్ళు కొట్టుకుంటూ ముగ్గురూ గట్టు దగ్గరికి చేరారు. అక్క ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.

"ఎక్కావా?"

"ఎక్కుతున్నానురా. నువ్వు బయటికొచ్చేశావా?"

"లేదు. ఇది చేత్తో మోగించే మీట అక్కా. చెయ్యి తీస్తే ఆగిపోతుంది. ఎవరైనా పొరపాటున మోగించి వదిలేస్తారని అలా పెట్టారు. సొరంగంలోవాళ్ళు ఇంకా బయటికి రాలేదు. వాళ్ళు వచ్చేదాకా ఆపకూడదు."

"మీట దేంతోనైనా కట్టెయ్యి!"

"గోడలో ఉంది. కట్టడానికి ఏమీ లేదు. నువ్వు ఎక్కు ముందు."

గట్టు మీదికి చేరేసరికి కొండల వంపులోంచి ఒక రొద మొదలైంది. బరువైన సామాను ఈడుస్తున్నట్టు, నేల లోపల్నుంచి వస్తున్నట్టు ఉంది. తుపాకి అందరినీ ఇంకా పైకి, జీపు దాటి కొండ వాలు మీదికి తోశాడు. వంపు తిరిగి వచ్చింది ఏరు. ముందు నురగ, దాని వెనక చెట్లు, రాళ్ళు, గోడలా బురద. ఆ బండ, ఆ చేపల గుంట, రాతి మీద చార, అన్నీ ఒక్క రెప్పపాటులో అడుగున పడిపోయాయి.

నిదానానికి అప్పుడు తట్టింది. ఆమె ఫోను దగ్గరికి వంగి, బతుకులో ఎన్నడూ లేనంత వేగంగా అరిచింది. "బాబూ, చెయ్యి తీసెయ్! పీట తీసేశాం. కన్ను నీళ్ళని చూసేసింది. ఇక సైరన్ దానంతట అదే మోగుతుంది. నువ్వు నొక్కక్కర్లేదు. పరుగెత్తు!"

"నిజంగానా మేడమ్?"

"పరుగెత్తరా!" అని అరిచింది అక్క.

ఆమె మాట పూర్తవుతుండగానే వంతెన ఒక పక్కకి ఒరిగి, కన్నుతో సహా బురదలోకి వెళ్ళిపోయింది. కన్ను సంగతి చెప్పాక పోయిందో, చెప్పకముందే పోయిందో నిదానానికి తెలియలేదు. మట్టం హద్దు దాటిందని కంట్రోల్ రూముకి కబురందడానికి ఎంత సమయం కావాలో ఆమె పెద్దసారుని అడగలేదు. అడగవలసిన ప్రశ్నల్లో అదొక్కటే మిగిలిపోయింది. జీపు అరగంట తిరిగే దారి నీళ్ళకి లేదు. అవి తిన్నగా దిగుతాయి.

ఫోనులో ఏదో కింద పడిన చప్పుడైంది. ఆపరేటరు గొంతు వినిపించలేదు. సైరన్ మాత్రం మోగుతూనే ఉంది.

"ఒరేయ్. ఒరేయ్ తమ్ముడూ," అంటోంది అక్క.

"వెళ్ళిపోయి ఉంటాడమ్మా. చూడు, చెయ్యి తీసినా మోగుతోంది కదా. కన్ను అందుకుంది," అన్నాడు తుపాకి. ఆ మాట అంటూనే నిదానం వైపు చూశాడు. ఔననమని బతిమాలుతున్నట్టుగా చూశాడు.

నిదానం ఔననలేదు. చెయ్యి మోగించినా, కన్ను మోగించినా ఆ సైరన్‌కి ఉన్నది ఒకటే గొంతు. ఆమె అక్క చేతిమీద చెయ్యి వేసి, ఫోనుకి తన చెవి కూడా ఆనించింది.